పేషెంట్లు చెప్పే మాటల్ని వార్డు పనిలోకి ఎలా తేవాలి? విశాఖ నర్సులు చెప్పండి

మద్దిలపాలెం స్టాఫ్ నర్సు:

అందరికీ నమస్కారం. విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మెడికల్ వార్డులో పనిచేస్తున్నాను. డిశ్చార్జి రోజున పేషెంట్ల చేత ఒక ఫీడ్‌బ్యాక్ ఫారం నింపిస్తాం. అప్పటికి వాళ్ళు బిల్లు కౌంటర్ దగ్గర ఉంటారు, బయట ఆటో వెయిటింగు. అన్నిటికీ 'బాగుంది' అని టిక్కు పెట్టి, సంతకం పెట్టి వెళ్ళిపోతారు. అదే మనిషి ముందురోజు రాత్రి నేను సెలైన్ మారుస్తుంటే ఎన్నో సంగతులు చెప్పి ఉంటాడు. వాటిలో ఒక్కటీ ఆ ఫారంలో ఉండదు.

మా ఇన్‌చార్జి సిస్టర్ ఈ మధ్య ఒక మాట అన్నారు: నెలకి ఒక పేషెంటు అనుభవం తీసుకుని మీటింగులో మాట్లాడుకుందాం, దాన్నుంచి ఏమైనా నేర్చుకుందాం అని. ఆ పని నాకే అప్పజెప్పారు. నాకు చాలా ఇష్టంగా ఉంది, టెన్షన్‌గానూ ఉంది. మే 12న నర్సుల దినోత్సవానికి ఇలాంటివి చదువుతాం, అందరికీ కళ్ళు చెమరుస్తాయి, మర్నాటి నుంచి వార్డు మామూలే. ఇది అలా కాకూడదు.

ఏం అడగాలి? ఎప్పుడు అడగాలి? విన్నదాన్ని పనిలోకి ఎలా తేవాలి? చేసి చూసినవాళ్ళు చెప్పండి. నైట్‌లో ఒక్కోసారి వార్డు మొత్తానికి ఇద్దరమే ఉంటాం, అది కూడా దృష్టిలో పెట్టుకోండి.

గాజువాక ఐసీయూ:

ఆలోచన మంచిదే సిస్టర్. కానీ స్టాఫ్‌ని పెంచకుండా పని పెంచితే అది మన నెత్తినే పడుతుంది. మీ ఇన్‌చార్జి గారితో ముందే మాట్లాడుకోండి: డ్యూటీ అయ్యాక ఉండి రాయమంటే కుదరదని. మా దగ్గర చేసేది ఒక్కటే. డ్యూటీ మారేటప్పుడు తర్వాతి వాళ్ళకి అప్పజెప్పే హ్యాండోవర్‌లో బీపీ, షుగర్, డ్రిప్పుల లెక్క అయ్యాక ఆ మనిషి గురించి ఒక్క వాక్యం చెప్తాం. 'ఈయనకి చీకటంటే భయం, లైటు పూర్తిగా తీయొద్దు', అలాంటిది. దానికి అర నిమిషం కూడా పట్టదు.

సీతమ్మధార, రిటైర్డ్ హెడ్ నర్సు:

అమ్మా, నీ ప్రశ్న చూశాక రాయకుండా ఉండలేకపోయాను. కొంచెం పెద్దగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

నేను గవర్నమెంటు ఆసుపత్రుల్లో పనిచేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం ఆడవాళ్ళ మెడికల్ వార్డే. మన విశాఖ వార్డులు ఎలా ఉంటాయో నీకు తెలుసు. ఒక మంచం మీద సముద్రం ఒడ్డు జాలారిపేట మనిషి, పక్క మంచం మీద పాడేరు కొండల నుంచి వచ్చినావిడ, ఆ పక్కన ఒడిశాలోని కోరాపుట్ నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చినావిడ. ముగ్గురికీ మనం ఒకే సలహా, అవే మాటల్లో చెప్పేసి పక్క మంచానికి వెళ్ళిపోతాం.

పేషెంటు కథ విని జాలిపడటం దగ్గర ఆగిపోతే వాళ్ళకి ఒరిగేదేమీ లేదు. అందులో మన పని ఎక్కడుందో వెతకాలి. ఏ గంటకి, ఏ మంచం దగ్గర, మన చేతిలో ఉన్న ఏ పని ఇంకోలా జరిగితే ఆ మనిషికి ఆ కష్టం తప్పేది? అది దొరికేదాకా ఇంకో ప్రశ్న అడుగుతూనే ఉండాలి.

ఒక ముసలావిడ సంగతి చెప్తాను. భీమిలి వైపు నుంచి వచ్చింది, జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్. డాక్టరుగారు నీళ్ళు బాగా తాగించమన్నారు. ఇన్‌టేక్ చార్టు చూస్తే పగలు పర్వాలేదు, సాయంత్రం ఆరు దాటాక దాదాపు ఏమీ లేదు. డ్యూటీకి వచ్చిన ప్రతి సిస్టరూ 'నీళ్ళు తాగు మామ్మా' అనేది, ఆవిడ 'అలాగే తల్లీ' అనేది, గ్లాసు మాత్రం అలాగే నిండుగా ఉండేది. చార్టులో 'సహకరించడం లేదు' అని రాసి ఉంది. ఒక రాత్రి మా జూనియర్ అమ్మాయి, రణస్థలం పిల్ల, మంచం అంచున కూర్చుని మెల్లిగా అడిగింది, 'రాత్రిపూట నీళ్ళు ఎందుకు తాగవు మామ్మా?' అని. అప్పుడు బయటపెట్టింది:

'తాగితే లెగాల గదా తల్లీ. బాత్రూమేమో ఆ సివర్నుంది. కోడలు నా మంచం కిందే తొంగుంది, పొద్దల్లా గుంటడితోటి ఏగి ఇప్పుడే కన్నంటుకుంది. దాన్నెలా లేపుతాను? నానొక్కద్దాన్నీ ఎల్తే మొన్న ఆ తడిలో జారబోయినాను.'

చూశావా, ఆవిడ ఎంత లెక్క వేసుకుందో! కోడలి నిద్ర, బాత్రూము దూరం, జారితే ఏమవుతుందన్న భయం, అన్నీ చూసుకుని నీళ్ళు మానేసింది. మన చార్టులో మాత్రం అదొక మొండితనంలా కనిపిస్తోంది. ఆ అమ్మాయి ఆవిడ మాటల్ని ఉన్నవి ఉన్నట్టుగా కేస్ షీట్‌లో రాసింది. మర్నాడు అందరం కూర్చుని మూడు పనులు మార్చాం. రాత్రి తొమ్మిది గంటల మందుల రౌండులోనే, నడవలేని ప్రతి మనిషినీ 'బాత్రూముకి వెళ్తావా' అని అడిగి ఎఫ్‌ఎన్‌ఓ (వార్డులో సాయంగా ఉండే ఆడమనిషి, ఫిమేల్ నర్సింగ్ ఆర్డర్లీ) చేత తీసుకెళ్ళించడం, లేవలేనివాళ్ళకి బెడ్‌పాన్ ఇవ్వడం. నీళ్ళు ఎక్కువ భాగం సాయంత్రం లోపే తాగించడం. బాత్రూము దగ్గర నేల రాత్రి లైట్లు తగ్గించకముందే తుడిపించడం, అక్కడ బల్బు వెలుగుతూ ఉంచడం. మామ్మ రాత్రి కూడా నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. ఆవిడ వెళ్ళిపోయాక కూడా ఆ తొమ్మిది గంటల అలవాటు మా వార్డులో నిలిచింది. అప్పటి నుంచి 'సహకరించడం లేదు' అని ఎవరు రాసినా, పక్కన కారణం రాయకపోతే నేను ఒప్పుకునేదాన్ని కాదు.

ఇంకొకావిడ ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్మే మనిషి. షుగరు, కాలికి పుండు. తగ్గి ఇంటికి వెళ్ళింది, కొన్నాళ్ళకి అదే పుండు తిరగబెట్టి వచ్చింది. డిశ్చార్జి కాగితంలో 'కాలు తడవనివ్వరాదు, విశ్రాంతి తీసుకోవాలి' అని ఉంది. ఆవిడ తెల్లవారకముందే రేవుకెళ్ళి, వేలంపాటలో చేపలు కొని, ఐసు కరిగిన నీళ్ళలో నిలబడి అమ్ముకుంటుంది. ఆ రోజు సరుకు ఎత్తకపోతే అప్పు ఇచ్చినవాడు ఊరుకోడు. ఇవేవీ మనం అడగలేదు, అడగని సంగతి ఆవిడ చెప్పలేదు.

అందుకే డిశ్చార్జికి ముందు నా ప్రశ్న ఇలా ఉండేది: 'రేపు ఇంట్లో లేచిన దగ్గర నుంచి పడుకునేదాకా ఏమేం చేస్తావో చెప్పు.' అంతే. మధ్యలో అడ్డు రాకుండా వినాలి. చేపలావిడ విషయంలో అలా విన్నాక మేం చెప్పిన జాగ్రత్తలు వేరు. కొన్నాళ్ళు బేరం చెల్లెలు చూసుకునేలా ఇంట్లో మాట్లాడుకున్నారు. మళ్ళీ రేవుకి వెళ్ళేటప్పుడు గమ్‌బూట్లు, కానీ వేసుకునే ముందు ప్రతిసారీ లోపల చెయ్యి పెట్టి తడిమి చూడాలి, ఎందుకంటే షుగరు వల్ల పాదాలకి స్పర్శ తగ్గింది, లోపల ఒక రాయి ఉన్నా తెలియదు. నిలబడకుండా చేపల పెట్టె తిరగేసి దానిమీద కూర్చోవాలి. ఇంటికి రాగానే కాళ్ళు కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడిచి, అరికాలు కనబడకపోతే కూతుర్ని చూడమనాలి. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవే. ఆవిడ రోజులో ఎక్కడ ఇమడతాయో ఆవిడ చెప్తేనే తెలిసింది.

ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్ళ సంగతి వేరే. కొందరికి ఇంట్లో కువి భాష, కొందరికి ఆదివాసీ ఒరియా, మన తెలుగు సగమే అందుతుంది. 'అర్థమైందా?' అంటే తలూపుతారు, మర్యాద కోసం. ఆ ప్రశ్న మానెయ్. 'ఈ మాత్ర ఇంటి దగ్గర ఎలా వేసుకుంటావో చూపించు' అను. చూపిస్తే తెలిసిపోతుంది. భాష తెలిసిన పక్క మంచం అటెండెంట్‌ని పిలుస్తాం కానీ, నెలసరి, గర్భం, ఇంట్లో గొడవలు లాంటివి ఆ అటెండెంట్ ముందు అడగకూడదు.

తోడు ఉన్నవాళ్ళ మాట కూడా కథలో భాగమే. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో 2001లో జోసీ కింగ్ అనే 18 నెలల పాప చనిపోయింది. వేడినీళ్ళతో కాలి చేరింది, కోలుకుంటోంది. పాపకి విపరీతంగా దాహం వేస్తోందని, స్నానం చేయిస్తుంటే తడిగుడ్డని నోట్లో పెట్టుకుని పీల్చేస్తోందని తల్లి గమనించి చెప్పింది. ఒంట్లో నీరు తగ్గిపోవడం, దానికి తోడు మత్తుమందు పడటం వల్ల ఆ బిడ్డ దక్కలేదు. తర్వాత ఆ తల్లి సోరెల్ కింగ్ ఆసుపత్రుల చుట్టూ తిరిగి డాక్టర్లకి, నర్సులకి ఆ కథ చెప్తూనే ఉంది. ఏదో తేడాగా ఉందని ఇంట్లోవాళ్ళకి అనిపిస్తే, వాళ్ళే అత్యవసర టీమ్‌ని పిలిచే ఏర్పాటు ఎన్నో ఆసుపత్రుల్లో రావడానికి ఇలాంటి తల్లులే కారణం. మన వార్డులో అంత ఏర్పాటు లేకపోవచ్చు. 'సిస్టర్, మా నాన్న నిన్నట్లా లేడు' అని కొడుకు వచ్చి చెప్తే, టైము వేసి కేస్ షీట్‌లో రాసి, వెంటనే వెళ్ళి పల్స్, బీపీ, ఊపిరి చూసి డ్యూటీ డాక్టరుకి చెప్పడం మాత్రం ఈ రోజు నుంచే చెయ్యొచ్చు.

ఇక ఎప్పుడు అడగాలి అన్నావు. మంచం మీద ఉన్నప్పుడు 'మా వార్డు ఎలా ఉంది' అని అడిగితే నిజం రాదు. రేపు పొద్దున ఇంజక్షన్ వేసేది మనమే కదా, ఎవరైనా ఎలా చెప్తారు? రివ్యూకి ఓపీకి వస్తారు చూడు, అప్పుడు అడుగు. వేరే వార్డు సిస్టర్ చేత అడిగిస్తే ఇంకా మేలు. ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదని, చెప్పకపోయినా వైద్యంలో తేడా ఉండదని ముందే చెప్పాలి.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. విన్నది వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. పేరు తీసేస్తే చాలనుకుంటారు. ఊరు, వయసు, జబ్బు మూడూ కలిస్తే ఆ మనిషెవరో ఆ ఊళ్ళో అందరికీ తెలిసిపోతుంది. హెచ్‌ఐవీ విషయంలో అయితే 2017 చట్టం ఉంది, ఆ మనిషి ఒప్పుకోకుండా బయటపెట్టడం చట్టవిరుద్ధం. మిగతా జబ్బులకైనా మన ధర్మం అదే.

డయాలిసిస్ సిస్టర్, శ్రీకాకుళం అమ్మాయి:

పెద్దమ్మగారు రాసింది చదివాక మా యూనిట్ సంగతి చెప్పాలనిపించింది. మాకు ఉద్దానం (శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ప్రాంతం) నుంచి వచ్చేవాళ్ళు చాలామంది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి వచ్చాక కొందరికి దూరం తగ్గింది, అయినా విశాఖలో పిల్లల దగ్గర ఉండి చేయించుకునేవాళ్ళు ఉన్నారు.

ఒకాయన ప్రతి వారం ఒంట్లో నీరు చేరి బరువు బాగా పెరిగి వచ్చేవాడు. నీళ్ళు తాగుతున్నారా అంటే ఒట్టేసి 'చుక్క ముట్టలేదమ్మా' అనేవాడు. నిజమే, ముట్టలేదు. రోజంతా ఏం తిన్నారో, ఏం తాగారో చెప్పమంటే తెలిసింది: పొద్దున చోడి (రాగి) అంబలి, మధ్యాహ్నం మజ్జిగ, సాయంత్రం టీ, నీళ్ళు తాగొద్దన్నారు కాబట్టి దాహానికి సొంత తోటలో కొబ్బరిబొండాం. బొండాంలో పొటాషియం ఎక్కువ, కిడ్నీలు పనిచేయనివాళ్ళకి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఆయనకి బొండాం అంటే జ్వరమొచ్చినా, నీరసమొచ్చినా చిన్నప్పటి నుంచి తాగిన మందు. తోటలో చెట్టు పెట్టుకుని తాగొద్దంటే ఎందుకో చెప్పాలి కదా. ఇప్పుడు కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళనీ ఇంట్లో తాగే గ్లాసు తెమ్మంటాం. దాంతోనే కొలిచి, అంబలి, మజ్జిగ, చారు, టీ అన్నీ కలిపి రోజుకి ఎన్ని గ్లాసులో చెప్తాం. బొండాం సంగతి విడిగా, ఇంట్లో వంట చేసేవాళ్ళ ముందే చెప్తాం.

అక్కయ్యపాలెం, పేషెంట్ కొడుకు:

నేను నర్సుని కాదు, రాయొచ్చో లేదో తెలియదు. మా అమ్మ నగరంలో ఒక ఆసుపత్రిలో చాలా రోజులు ఉంది. పేరు వద్దు. అమ్మకి ఎడమ చెవి అస్సలు వినపడదు. మంచం కుడివైపు గోడకి ఆనించి ఉండేది, కాబట్టి అందరూ ఎడమవైపు నుంచే మాట్లాడేవాళ్ళు. అమ్మ ఏమీ అనేది కాదు, నవ్వేది. మతిమరుపు మొదలైందేమో అని కూడా అన్నారు. నేను ఒకసారి చెప్పాను కానీ డ్యూటీ మారగానే ఆ మాట పోయింది. తర్వాత వచ్చిన ఒక సిస్టర్ అమ్మ తల తిప్పి చెవి పెట్టడం గమనించి అడిగింది. మంచం మీద అమ్మ తల పెట్టే వైపు మార్పించి, గోడ మీద 'కుడి చెవి వైపు మాట్లాడండి' అని కాగితం అంటించింది. ఆ రోజు నుంచి మా అమ్మ మళ్ళీ మాట్లాడింది. ఆ సిస్టర్ వచ్చిన మొదటి రోజే తన పేరు కూడా చెప్పింది. అమ్మ ఇప్పటికీ ఆ పేరుతోనే తలుచుకుంటుంది.

ఒకటి మాత్రం అడగాలని ఉంది. మేం చెప్పింది విని మీరు ఏం చేశారో మాకు తెలిసేదెలా?

మద్దిలపాలెం స్టాఫ్ నర్సు:

అన్నా, మీరు రాయడం చాలా మంచిదైంది. నొప్పుల లెక్క, మందుల లెక్క అడుగుతాం కానీ ఏ చెవి వినపడుతుందని అడ్మిషన్‌లో మేం అడగడం లేదు. రేపే అడ్మిషన్ కాగితంలో కలపమని అడుగుతాను.

పెద్దమ్మా, రెండు సందేహాలు. మీటింగులో 'ఇది ఫలానా సిస్టర్ డ్యూటీలో జరిగింది' అని వేలెత్తి చూపించే పరిస్థితి వస్తే అందరూ నోరు మూసుకుంటారు, దానికేం చెయ్యాలి? రెండోది, అన్నయ్య అడిగినట్టు, పేషెంటుకి తిరిగి చెప్పడం ఎలా?

సీతమ్మధార, రిటైర్డ్ హెడ్ నర్సు:

మొదటిదానికి: డ్యూటీ చార్టు మీటింగులోకి తేవద్దు. తేదీ కూడా చెప్పకు. కథ వినిపించేటప్పుడు పేషెంటు మాటలే చదువు, ఆ మనిషి 'సిస్టరమ్మ' అంటే సిస్టరమ్మ అనే ఉంచు. విన్నాక అందరినీ అడుగు: ఇది మన వార్డులో రేపు మళ్ళీ జరగడానికి వీలుందా? ఉందంటారు, ఎందుకంటే ఉంటుంది. అప్పుడు ఎవరి తప్పన్న మాట వెనక్కి పోయి, ఏం మారుద్దాం అన్నది ముందుకొస్తుంది. ఒక మీటింగుకి ఒక కథ, ఒక మార్పు చాలు. ఐదు రాసుకుంటే ఒక్కటీ జరగదు. ఆ మార్పు ఎవరు చూస్తారో పేరు రాసి, వారం తర్వాత నిలిచిందో లేదో వెళ్ళి కళ్ళతో చూడు. నిలవకపోతే కారణం కనుక్కో. చాలాసార్లు స్టాఫ్ చాలకపోవడమో, సామాను లేకపోవడమో ఉంటుంది. గాజువాక సిస్టర్ చెప్పింది అక్షరాలా నిజం. అప్పుడు ఆ పేషెంటు మాటనే కాగితం మీద పెట్టి సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్ళొచ్చు. 'స్టాఫ్ కావాలి' అనే కాగితం కన్నా, రాత్రి బాత్రూముకి తీసుకెళ్ళే మనిషి లేక ముసలావిడ నీళ్ళు మానేసిందన్న కాగితాన్ని పక్కన పడెయ్యడం కష్టం. నేను ఒక ఎఫ్‌ఎన్‌ఓని అలాగే సంపాదించాను.

రెండోది: బాబూ, నువ్వు అడిగింది న్యాయమైన మాట. పేషెంటు ఒప్పుకుంటే ఫోన్ చేసి, 'మీరు చెప్పినందువల్ల ఇది మార్చాం' అని చెప్పాలి. వార్డు గుమ్మం దగ్గర బోర్డు మీద, ఎవరిదో తెలియకుండా, మారిన పని ఒక్క లైనులో రాయొచ్చు. అది చూసి ఇంకొకరు నోరు విప్పుతారు.

పేరు చెప్పుకోవడం గురించి కూడా రాశావు. ఇంగ్లండులో కేట్ గ్రేంజర్ అనే డాక్టరు క్యాన్సరుతో ఆసుపత్రిలో చేరి, తన దగ్గరికి వచ్చేవాళ్ళు చాలామంది పేరైనా చెప్పకుండా పని చేసుకుని వెళ్ళిపోవడం గమనించింది. 2013లో 'నమస్తే, నా పేరు ఇది' అని చెప్పుకుందాం అంటూ ఒక ఉద్యమమే మొదలుపెట్టింది. 2016లో ఆవిడ చనిపోయింది, ఆ అలవాటు మాత్రం ఎన్నో దేశాలకి పాకింది. మన దగ్గర అందరం 'సిస్టర్' అయిపోయాం. అది గౌరవమే, కానీ ఏ సిస్టర్‌కి చెప్పారో పేషెంటుకి తెలియాలి కదా.

అమ్మా, ఇంకో సంగతి. ఆ మీటింగు మధ్యాహ్నం రెండు గంటల హ్యాండోవర్ దగ్గర పెట్టు. పొద్దుటి వాళ్ళూ మధ్యాహ్నం వాళ్ళూ ఇద్దరూ దొరుకుతారు, పది నిమిషాల్లో ముగించు. నైట్ వాళ్ళకి ఆ రోజు రాత్రే నువ్వు గానీ ఇన్‌చార్జి గానీ విడిగా చెప్పండి. ఎఫ్‌ఎన్‌ఓలనీ, ఊడ్చే ఆవిడనీ కూడా కూర్చోబెట్టండి. పేషెంట్లు మనకి చెప్పని మాటలు వాళ్ళకి చెప్తారు.